పెట్టెబండీ, మా ఆయనా, ఒక కొండ ఊరూ

ఖతర్‌లో కొండ అనేది లేదు. మా అల్ ఖోర్‌లో ఎత్తు అంటే స్పీడ్ బ్రేకరే. కారు దాని మీదుగా ఎక్కి దిగినప్పుడల్లా మా అమ్మాయి చిన్నప్పుడు "ఘాట్ రోడ్డూ!" అని కేకపెట్టేది. పిల్ల చదువుకని పుణె వెళ్ళిపోయాక ఇంట్లో నేనూ మా ఆయనా మిగిలాం. అప్పుడు పట్టుకుంది ఆయనకు కొండల పిచ్చి.

ఈ వయసులో మగవాళ్ళకు మామూలుగా బీపీ వస్తుంది, లేదా భక్తి వస్తుంది. మా ఆయనకు పెట్టెబండి వచ్చింది. ఫోన్‌లో ఎవరో తెల్లదంపతుల వీడియోలు. పికప్ ట్రక్కు వెనక చిన్న గదిలాంటి పెట్టె, అందులో పడక, పొయ్యి, కిటికీ. మంచుకొండల నడుమ ఏదో చిన్న ఊళ్ళో ఆగుతారు, కాఫీ కాచుకుంటారు, కుక్కను నిమురుతారు, మళ్ళీ ఇంకో ఊరు. వాళ్ళకు గిన్నెలు తోముకునే పని ఉన్నట్టు ఏ వీడియోలోనూ చూపించరు. డ్యూటీ నుంచి రాగానే సోఫాలో కూలబడి అవే చూసేవారు. "చూడవే, బతుకంటే అదీ," అనేవారు. నేనూ చూసేదాన్ని. ఆ అమ్మాయి వేసుకున్న స్వెట్టర్లు బాగుండేవి.

ఇది వట్టి కాలక్షేపమైతే నాకేం బాధ లేదు. కానీ ఈ వేసవితో ఆయన కాంట్రాక్టు సరి అని కంపెనీవాళ్ళు చెప్పేశారు. ఉన్నది చాలు, మన ఊరి వైపు వెళ్ళిపోదాం అనుకున్నాం. అందులో పేచీ లేదు. ఏ ఊరు అన్నదే పేచీ. నాకు కాకినాడ కావాలి. మా చెల్లెలున్న వీధిలో లిఫ్టు ఉన్న అపార్టుమెంటు, పొద్దున్నే గుమ్మంలో పూలమ్మి, సాయంత్రమైతే సముద్రపు గాలి. ఆయనకు అరకు అవతల ఏదో కొండ ఊరు కావాలి. పెంకుటిల్లు, వాకిట్లో పెట్టెబండి, చుట్టూ మబ్బులు.

"డెల్టాలో పుట్టాను. మా ఊళ్ళో ఎత్తైన చోటంటే కాలవగట్టే. అక్కణ్ణుంచి తిన్నగా ఈ ఎడారికొచ్చాను. జీవితమంతా బల్లపరుపు మీదే గడిచిపోయింది. మిగిలిన నాలుగేళ్ళయినా ఎత్తు మీద బతకాలనుందే," అన్నారు.

ఆయన అంత సూటిగా ఏదీ అడగరు. కూరలో ఉప్పు తక్కువైనా చెప్పకుండా తినేసి లేచిపోయే మనిషి. అందుకే వెంటనే కసరలేకపోయాను. "దూరపు కొండలు నునుపండీ," అని మాత్రం అన్నాను.

"అయితే దగ్గరికెళ్ళే చూద్దాం. ఏదైనా కొండ ఊళ్ళో ఓ వారం ఉందాం. నీకు నచ్చిందా, అరకు. నచ్చలేదా, కాకినాడ. మళ్ళీ ఈ జన్మలో కొండ మాటెత్తను. ఆఖరి మాట నీదే."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆఖరి మాట నాకు వదిలేయడం అదే మొదలు. ఒప్పుకున్నాను. మనసులో మాత్రం కాకినాడ ఫ్లాటుకు కర్టెన్ల రంగు అప్పుడే ఎంచేసుకున్నాను.

పాత పికప్ ఒకటి దొరికింది. వెనక పెట్టె కట్టే పని దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో అల్యూమినియం పని చేసే ఒక జగిత్యాల మనిషికి అప్పగించారు. మా ఆయన ఈడువాడే. నవ్వాడంటే పక్క గ్యారేజీలోవాళ్ళు తొంగిచూసేవారు. కోల్డ్ స్టోరేజీ గోడలకు వాడే దళసరి పలకలతో పెట్టె కడతానన్నాడు. నాలుగు మూలలా బోల్టులు బిగిస్తే బండి మీద కూర్చుంటుంది, విప్పితే దిగిపోతుంది. చూసేవాళ్ళకు గది, చట్టానికి సామాను. మా ఆయన మొహం వెలిగిపోయింది.

ఆ పెద్దమనిషి టేపు పట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఉన్నట్టుండి ఆగాడు.

"సార్, దీనికి తూర్పు ఎటు?"

మా ఆయన పడీపడీ నవ్వారు. "బండికి తూర్పేంటయ్యా? ఎటు తిప్పితే అటే!"

"అట్లంటె ఎట్ల సార్? అండ్ల వండుకుంటరు, పండుకుంటరు. మరి ఇల్లే గద! పొయ్యి ఆగ్నేయంల లేకుంటె ఇంటామెకు మంచిగుండది. మేడం, మీరన్న చెప్పుండ్రి."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే టీచర్ని. అయస్కాంతం పాఠం వచ్చిన రోజున దిక్కులేమిటో, మూఢనమ్మకాలేమిటో గుక్క తిప్పుకోకుండా చెబుతాను. కానీ ఆ పొయ్యి ముందు నిలబడేది నేను. సైన్సు వచ్చి నాకు అన్నం వార్చి పెడుతుందా? "ఆగ్నేయంలోనే పెట్టండన్నయ్యా," అన్నాను.

"నువ్వా!" అన్నారు మా ఆయన.

జగిత్యాల అన్నయ్య చిక్కుముడి చిటికెలో విప్పేశాడు. "బండి మూతి తూర్పుకుంటది అనుకోండ్రి. ముందట కుడిమూల ఆగ్నేయం, గాడ పొయ్యి. ముందట ఎడమమూల ఈశాన్యం, గాడ దేవుడు. ఎన్కకు తలుపు. పండుకున్నప్పుడు తలకాయ దక్షిణం దిక్కుకు. మీరు ఏడ ఆపినా బండి మూతి తూర్పుకు వెట్టాలె. గంతే."

గంతే అన్నంత తేలికేమీ కాదు. ప్రయోగానికని చలికాలంలో ఒక శుక్రవారం జెక్రీత్ వెళ్ళాం. ఖతర్ పడమటి తీరంలో గాలి కొరికేసిన సున్నపురాళ్ళు పుట్టగొడుగుల్లా నిలబడి ఉంటాయి. నేల మాత్రం అరిసెల పీటలా చదునే. బండి ఎటైనా తిప్పుకోవచ్చు కాబట్టి తిప్పించాను. మా ఆయన ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని, "అమ్మగారూ, ఇంకో పిసరు ఎడమకు తిప్పమంటారా? అగ్నిదేవుడికి అలక తీరిందా?" అని ఒకటే ఎకసెక్కం. ఇంజనీరు కదా, వాస్తు అంటే వెటకారం. నేను పట్టించుకోలేదు. ఆగ్నేయంలో పెట్టిన పొయ్యి మీద ఉప్మా బ్రహ్మాండంగా కుదిరింది.

ఆ రోజు నడుమెత్తు రాయి ఒకటి ఎక్కి, చేతులు కట్టుకుని, దిగంతాలు చూస్తున్నట్టు ఫోటో తీయించుకున్నారు. "కొండలకు అలవాటు పడుతున్నాం," అని రాసి అందరికీ పంపారు. జగిత్యాల అన్నయ్యకు కూడా. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "మా అవ్వకు జూపెట్టిన సార్. దుబాయ్‌ల గుట్టలు గూడ ఉంటయారా అని పరేషాన్ అయితుంది!"

మార్చి చివర బడికి సెలవులిచ్చారు. సౌదీలో నైరుతి మూల అసీర్ కొండలున్నాయి. అబహా దాటాక ఆ కొండల అంచు మీద చిన్న చిన్న ఊళ్ళుంటాయని మా ఆయన ఎప్పుడో కనిపెట్టి పెట్టుకున్నారు. అబూ సమ్రా దగ్గర సరిహద్దు దాటుతుంటే పెట్టె తలుపు తీయమన్నారు. సౌదీలో ఒప్పుకోరేమోనని దేవుడి పటం ఇంట్లోనే ఉంచేసి, ఈశాన్యంలో టీ పొడి డబ్బా పెట్టుకొచ్చాను. ఆ రెండింటిలో ఒకటైనా లేకపోతే నాకు తెల్లవారదు. లోపల పడక, పోపులపెట్టె, మామిడికాయ పచ్చడి చూసిన ఆఫీసరు కుర్రాడు నవ్వి, "బైత్!" అన్నాడు. ఇల్లు అని. మా ఆయన భుజాలు అప్పుడే రెండంగుళాలు లేచాయి.

రెండు రోజుల ప్రయాణం. మొదటిరోజంతా ఇసుక, లారీలు, పెట్రోలు బంకులు, మళ్ళీ ఇసుక. రెండోరోజు మధ్యాహ్నం దాటాక నేల మడతలు పడడం మొదలైంది. చెట్లు కనబడ్డాయి. అబహా దాటేసరికి మబ్బు దిగింది. మబ్బంటే అలా ఇలా కాదు, బానెట్ చివర కూడా కనబడనంత. ముందు పోయే కారు ఎర్రలైట్లు పట్టుకుని పాకుతున్నాం. నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. మా ఆయనకు మాత్రం ఎక్కడలేని హుషారు. పాత పాటలు పాడుతూ, ఒక చేత్తో మలుపులు తిప్పుతూ, "ఘాట్ రోడ్డు ఘాట్ రోడ్డని భయపెడతారే, ఇంతేనా?" అంటున్నారు. ఊరు చేరాక నలుగురూ కార్లు ఆపుకునే ఖాళీ జాగాలో బండి నిలిపారు. ఆ మబ్బులో తూర్పేదో నాకు తెలియలేదు, అడిగే ఓపికా లేదు.

పొద్దున్నే తలుపు తీసింది మా ఆయనే. "కాఫీ పెట్టు, కొండ చూస్తూ తాగుదాం," అని దర్జాగా దిగారు. ఆ దిగినవారు దిగినట్టే వెనక్కొచ్చి తలుపు వేసేశారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. బండి తూర్పుకు లేదు."

నేను దిగి చూశాను. మబ్బు పూర్తిగా విడిపోయింది. బండికి పది అడుగుల దూరంలో ఒక పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. ఎక్కడో అడుగున దారపుపోగులాంటి రోడ్డు, అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు. మా కాళ్ళ కింద గద్దలు తిరుగుతున్నాయి. గద్దల వీపు చూడడం నాకు అదే మొదటిసారి. గుండె ఝల్లుమంది, మరుక్షణం విప్పారింది కూడా. ఇంత ఆకాశం కింద ఇంత లోతు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

"రండి, చూడండి!" అని పిలిచాను.

"ముందు బండి మార్చాలి. పొయ్యి వాయవ్యంలో పడింది. ఇంటి ఇల్లాలికి మంచిది కాదు," అన్నారు లోపలినుంచి.

అగ్నిదేవుడి అలకని వెక్కిరించిన మనిషేనా అని ఆశ్చర్యపోయాను. అయినా నా మంచి కోసమే అన్నారు కదా అని మురిసిపోయాను కూడా. ఆయన అదే బండిని తీసుకెళ్ళి ఊరి మధ్యలో, రొట్టెల దుకాణం వెనక సందులో పెట్టారు. ఒకవైపు రాతిగోడ, ఇంకోవైపు కొండ చరియ. ఆకాశం తప్ప ఏమీ కనబడదు. పైగా ఆ సందులో బండి మూతి తిన్నగా పడమరకుంది.

"ఇదేం తూర్పండీ?"

"ఇక్కడ దిక్కు కుదరకపోయినా స్థలబలం బాగుంది," అన్నారు.

మర్నాటి నుంచి ఆయనకు బండి దగ్గర తెగని పనులు పుట్టుకొచ్చాయి. బోల్టులు బిగించడం, టైర్లలో గాలి చూడడం, కిటికీ రబ్బరు సరిచేయడం. నేను ఊరి మీద పడ్డాను. చెప్పొద్దూ, మొదటి రెండు రోజులూ తప్పులు వెతకడానికే తిరిగాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని, దారులన్నీ ఎగుడుదిగుడని, కుక్కంతేసి కోతులు చేతిలో రొట్టె లాక్కుపోయాయని వచ్చి ఫిర్యాదులు చేశాను. అన్నం కూడా ఉడకలేదు. ఎత్తు మీద నీళ్ళు తొందరగా మరుగుతాయి, గింజ మాత్రం ఉడకదు, కుక్కర్ కావాలి. ఏటా ఎనిమిదో తరగతికి నేను చెప్పే పాఠమే. కుక్కర్ అల్ ఖోర్‌లో గట్టు మీద ఉంది. మూడుపూటలా రొట్టె, పచ్చడి అయ్యింది.

ఆ రొట్టె వల్లే కొంప మునిగింది. ఇరవై ఏళ్ళుగా అల్ ఖోర్‌లో ఉన్నాను, రొట్టె కోసం నడిచి వెళ్ళిన గుర్తు లేదు. అక్కడ ఏసీ ఇంట్లోంచి ఏసీ కారు, ఏసీ కారులోంచి ఏసీ దుకాణం. ఇక్కడ పొద్దున్నే శాలువా కప్పుకుని, రాతిమెట్లు ఎక్కి, పొగలు కక్కే రొట్టె గుండెలకు హత్తుకుని దిగిరావడం. మూడో రోజుకల్లా రొట్టెలవాడు నన్ను చూడగానే రెండు తీసి పక్కన పెట్టేవాడు. టీకొట్టు మలయాళీ కుర్రాడు వాళ్ళ భాషలో అక్కా అని పిలుస్తూ "చేచీ, చక్కెర తక్కువ కదా?" అనేవాడు. సంతలో రుద్రజడలాంటి ఆకు కట్టలమ్మే ముసలామె నేను అరబిక్‌లో బేరమాడుతుంటే బోసినవ్వు నవ్వి, ఒక రెమ్మ తుంచి నా జడలో గుచ్చింది. "యా బింతీ" అంది. అంటే "అమ్మాయీ" అని. ఈ వయసులో నన్ను అమ్మాయీ అనేవాళ్ళు ఎవరున్నారు?

నాలుగో రోజు వాన పడింది. పెట్టె రేకు మీద చినుకులు టపటపమంటుంటే దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. కాకినాడ ఫ్లాటుకు అనుకున్న కర్టెన్ల రంగు ఎంత గుర్తుచేసుకున్నా గుర్తుకు రాలేదు. దాని బదులు, అరకు ఇంట్లో వంటగది కిటికీ లోయ వైపు పెట్టించాలని ఆలోచిస్తున్నాను. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఆ కిటికీ గట్టు మీద పుదీన కుండీ కూడా పెట్టేశాను. నాకు ఆ ఊరు నచ్చింది. బాగా నచ్చింది. ఆఖరి రోజున ఆ మాట చెప్పి మా ఆయన మొహం ఎలా వెలుగుతుందో చూడాలని లోపలే దాచుకున్నాను.

లోయ అడుగున పాతకాలపు రాతి ఊరు ఒకటి ఉందని, చూడాలని బయల్దేరకముందే అనుకున్నాం. మా ఆయన రోజుకో వంకతో వాయిదా వేస్తున్నారు. ఒకరోజు బ్రేకులు వేడెక్కుతాయన్నారు, ఒకరోజు మబ్బన్నారు, ఒకరోజు శనివారమన్నారు. చివరికి నేనే తాళాలు తీసుకున్నాను. "నాకు ఖతర్ లైసెన్సు ఉత్తినే ఇవ్వలేదు. పదండి," అన్నాను. నడుం పట్టేసిందంటూ పక్క సీట్లో కూర్చున్నారు.

రెండు మలుపులు దిగాను. మూడో మలుపులో రోడ్డు గాల్లోకి వెళ్ళిపోతున్నట్టుంది. "ఏవండీ, చూడండి, చూడండి!" అని అరిచాను. ఓరకంట చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. తలుపు మీది పిడిని రెండు చేతులా పట్టుకున్నారు. ఆ చలిలో నుదుటి నిండా చెమట. పెదాలు మాత్రం కదులుతున్నాయి. గోవిందా, గోవిందా.

నాకు తిరుమల ఘాట్ రోడ్డు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు వెళ్ళినా బస్సు కదలగానే ఆయన ఇలాగే కళ్ళు మూసుకుని నామం పట్టుకునేవారు. "నా కొడుకుకు ఎంత భక్తో!" అని మా అత్తగారు పొంగిపోయేది, నేనూ పొంగిపోయేదాన్ని. దోహాలో స్నేహితుల ఇంటికి వెళితే, ముప్పయ్యో అంతస్తు బాల్కనీలోకి అందరూ వచ్చినా ఆయన రారు. ఏసీ గాలి పోతుందని తలుపు దగ్గరే నిలబడతారు. ఆయన పనిచేసే ప్లాంటులోనూ తెరల ముందు కూర్చునే కంట్రోల్ రూమ్ ఉద్యోగమే. నిచ్చెనలెక్కే పని కుర్రాళ్ళది. అన్నీ ఒక్కసారి ముడిపడ్డాయి. మబ్బులో పాటలు పాడిన మనిషి, లోయ కనబడగానే వాస్తు చెప్పిన మనిషి. పైకంతా మేకపోతు గాంభీర్యం.

ఆయనకు కూడా ఆ పొద్దున్న తలుపు తీసేదాకా తెలియదేమో! బల్లపరుపు నేల మీద బతికినవాడికి తనకు ఎత్తంటే భయమని తెలిసే అవకాశం ఏదీ? వీడియోల్లో కొండ ఎప్పుడూ సోఫాకు ఎదురుగానే ఉంటుంది.

రోడ్డు వెడల్పయిన చోట బండి తిప్పేశాను. "నాకు భయమేస్తోందండీ, పోదాం," అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే, "నీ ఇష్టం," అన్నారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం మలయాళీ టీకొట్టులో కూర్చున్నాం. ఆయన గోడవైపు, నేను లోయవైపు. సులేమానీ టీ గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ అడిగారు.

"ఏమంటావ్ మరి? నచ్చిందా?"

పరీక్ష ఫలితం చూసుకోబోయే పిల్లాడి మొహం అది. ఆయనకు అవునూ కావాలి, కాదూ కావాలి. అవునంటే మాట తప్పే మనిషి కాదు. అరకులో ఇల్లు కొంటారు. నా వంటగది కిటికీ లోయవైపే పెట్టిస్తారు. తను మాత్రం బతికినన్నాళ్ళూ ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చుంటారు, ఒక్కనాడూ ఎందుకో చెప్పరు. పోనీ, మీకు భయమండీ అని నేనే అనేయొచ్చు. బొద్దింకను చూసి ఆయన కుర్చీ ఎక్కినప్పుడు నేను ఎన్నిసార్లు ఏడిపించలేదు! కానీ బొద్దింక వేరు, ఇది వేరు. ఏళ్ళ తరబడి ఆ సోఫాలో కూర్చుని కన్న కల. దాన్ని ఆయన చేతిలోంచి నేను ఎలా లాక్కోను?

లోయలోంచి మబ్బు మెల్లగా పైకి వస్తోంది. కాసేపు దాన్నే చూశాను. ఆ మబ్బునీ, ఆ రొట్టెనీ, నన్ను అమ్మాయీ అన్న ముసలామెనీ వదులుకోవడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

"నాకు కొండలు పడవండీ. కాకినాడే వెళ్దాం," అన్నాను.

ఆయన తలదించుకుని, పెద్దగా నిట్టూర్చారు. "సరేలే. మాటంటే మాటే. ఆఖరి మాట నీదన్నాను కదా," అన్నారు. ఆ నిట్టూర్పులో నిరాశ ఎంతో, ఊరట ఎంతో విడదీయడం నా వల్ల కాలేదు. వెంటనే కుర్రాణ్ణి పిలిచి రెండు పరోటాలు, గుడ్డుకూర తెమ్మన్నారు. వారం రోజుల తర్వాత ఆయన ఆకలిగా తినడం అప్పుడే చూశాను. నేను చేతులు కడుక్కునే వంకతో వెనక్కి వెళ్ళి, కొళాయి విప్పి, కాస్త ఏడ్చి వచ్చాను.

అల్ ఖోర్ తిరిగొచ్చాక ఈ కథ మా ఆయన నోట ఇంకోలా తయారైంది. ఎవరు కలిసినా, "మా ఆవిడకు కొండలు పడవండీ. లేకపోతేనా, ఈపాటికి అరకులో ఇల్లు చూసేసుకునేవాణ్ణి," అంటారు. చెప్పగా చెప్పగా ఆయన గొంతు నిబ్బరపడింది. మూడో మలుపులో నేను కెవ్వుమన్నానని కూడా చేర్చారు. నేను నవ్వుతూ టీ అందిస్తాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఒళ్ళు మండుతుంది, అదీ నిజమే.

మొన్న శుక్రవారం మా కాలనీలో ఉండే హైదరాబాద్ దంపతులను భోజనానికి పిలిచాం. గోంగూర పప్పు రెండోసారి వడ్డిస్తుండగా మళ్ళీ అదే పురాణం. ఆమె నన్ను చూసి జాలిగా తల ఊపింది. "అన్నయ్యగారు అంత ముచ్చటపడ్డాక మీరు కొంచెం అడ్జస్ట్ అవ్వొచ్చు కదా వదినా? పాపం!"

"ఏం చెయ్యను, పడవు మరి," అన్నాను. మా ఆయన కంచంలోకి చూస్తున్నారు.

వాళ్ళు వెళ్ళాక బల్ల తుడిచి వంటింట్లోకి వెళితే, ఆయన చొక్కా చేతులు మడిచి సింకు ముందు నిలబడి ఉన్నారు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆయన గిన్నె తోమడం నేను ఎరగను. ఈ మధ్యే మొదలుపెట్టారు. ఏ రోజు ఆ కథ చెబితే ఆ రోజు గిన్నెలు ఆయనవే. ముందు గమనించలేదు, గమనించాక అడగలేదు. ఆ రోజు మాత్రం గుడ్డ పట్టుకుని పక్కన నిలబడి, తోమిన కంచాలు తుడుస్తూ అనేశాను.

"నాకు ఆ ఊరు చాలా నచ్చిందండీ."

నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ఆయన నా వైపు తిరగలేదు.

"తెలుసు," అన్నారు.

పప్పుగిన్నె అడుగు చాలాసేపు గీకారు. తర్వాత కొళాయి కట్టేసి, తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ అన్నారు.

"కాకినాడ నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి అరకులో ఉండొచ్చు. ఏడాదికోసారి వెళ్దాం. బండి నువ్వు నడుపు. నేను కళ్ళు మూసుకుంటాను."